ఎడమ పక్క ఛాతీలో గడ్డ, మాఘంలో పెళ్ళి. ఆపరేషన్ చేయించుకోనా?

మిర్చి గుమాస్తా, గుంటూరు

పేరు చెప్పుకుని అడగలేక ఇలా రాస్తున్నాను. ఎగతాళి చెయ్యాలనుకునేవాళ్ళు చెయ్యండి, నాకు అలవాటే.

నాకు 27. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పటి నుంచే ఛాతీ ఆడపిల్లకి వచ్చినట్టు ఉబ్బుగా ఉండేది. అప్పుడు 84 కిలోలు. పక్క మంచం వాడు నాకో పేరు పెట్టాడు, ఇప్పటికీ కొందరి ఫోన్లలో నా నంబరు ఆ పేరుతోనే ఉంది. రెండేళ్ళ కిందట రాత్రిళ్ళు అన్నం మానేసి, పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడిచి నడిచి 73కి వచ్చాను. ఛాతీ కూడా చాలావరకు దిగింది. పీడ వదిలిందనుకున్నాను.

నాలుగు నెలల నుంచి ఎడమ పక్క మళ్ళీ మొదలైంది. ఈసారి తీరు వేరు. అప్పట్లో మెత్తగా ఉండేది. ఇప్పుడు చనుమొన వెనకాల రూపాయి బిళ్ళంత గట్టిగా చేతికి తగులుతోంది. బనియన్ రాసుకున్నా చురుక్కుమంటుంది. చొక్కా జేబు ఎడమ పక్కే కదా ఉండేది, అందులో కాటా చీటీల పుస్తకం పెట్టుకుని తిరుగుతాను, ఉబ్బు కనపడకుండా. ఇప్పుడా పుస్తకమే నొక్కుకుని ప్రాణం తీస్తోంది. తీస్తే కనపడుతుంది, ఉంచితే నొప్పి.

మాఘంలో పెళ్ళి. మా ఇళ్ళల్లో పెళ్ళికొడుకుని చేసేటప్పుడు చొక్కా విప్పించి పీట మీద కూర్చోబెట్టి నలుగు పెడతారు. పిన్నులు, అత్తలు, మేనమామ కూతుళ్ళు అందరూ చుట్టూ ఉంటారు. వీడియో తీసేవాడు ఉండనే ఉంటాడు. పెళ్ళి తల్చుకుంటే అమ్మాయి మొహం గుర్తు రావాలి. నాకు ఆ పీట గుర్తొస్తోంది.

ఒక చోటికి ఫోన్ చేస్తే ఒంట్లో ఏముందో అడక్కుండానే, పొద్దున వస్తే సాయంత్రం వెళ్ళిపోవచ్చు, ఈ వారం బుక్ చేసుకుంటే తగ్గింపు అన్నారు. చేయించుకోనా? అసలిది కొవ్వా, గడ్డా? ఒక పక్కే వచ్చింది కాబట్టి క్యాన్సరేమోనని రాత్రిళ్ళు భయం. మందు, సిగరెట్ లేవు. జిమ్ పౌడర్లు లేవు. షుగరు, బీపీ లేవు. మాత్రలు కూడా ఏమీ వాడను, జుట్టు రాలుతోందని ఏడెనిమిది నెలలుగా రోజూ వేసుకునేది ఒకటి తప్ప.


జిమ్ బాయ్ బెజవాడ

బ్రో టెన్షన్ వద్దు. రోజూ 100 దండాలు, బెంచ్ ప్రెస్. బ్రాయిలర్ కోడి మానెయ్, వాటికి ఇంజెక్షన్లు పొడుస్తారు, ఆ హార్మోనే మనకొచ్చేది. రెండు నెలల్లో ఫ్లాట్.


ఆటోనగర్ లేత్, విజయవాడ

తమ్ముడూ, ముందు ఆ పుస్తకం జేబులోంచి తీసి సంచిలో పెట్టుకో. నేనూ పదేళ్ళు జేబులో వెర్నియర్ కాలిపర్ పెట్టుకుని తిరిగినవాణ్ణే.

నాకు 41. ఆటోనగర్లో లేత్ షాపు. నాకు 13వ ఏట రెండు పక్కలా వచ్చింది. ఆ వయసులో మగపిల్లల్లో చాలామందికి కాస్తో కూస్తో వస్తుందట, ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుందట. నాకు పోలేదు. పోనివాళ్ళ లెక్కలో నేనున్నాను, అంతే.

కొవ్వా గడ్డా అన్నావు. వెల్లకిలా పడుకో. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క పెట్టి, బయటి నుంచి చనుమొన వైపు మెల్లగా దగ్గరికి తే. కొవ్వయితే వేళ్ళకి ఏమీ అడ్డు తగలదు, మెత్తగా నడిమి దాకా వచ్చేస్తాయి. రొమ్ము గ్రంథి పెరిగితే నల్లటి వలయం కింద గుండ్రంగా, రబ్బరు వాషర్ లాగా తగులుతుంది. చేతులకి పనిముట్లు అలవాటున్నవాణ్ణి కాబట్టి నాకు ఆ తేడా వెంటనే తెలిసింది. డాక్టర్ చేసిందీ ఇదే, కాకపోతే ఆయన చేస్తే నేను నమ్మాను. దీన్నే గైనెకోమాస్టియా అంటారు, జిమ్ కుర్రాళ్ళు గైనో అంటారు. ఒట్టి కొవ్వే అయితే అది వేరే లెక్క, బరువు తగ్గితే తగ్గుతుంది. నీకు 84 నుంచి 73కి వచ్చినప్పుడు దిగింది కొవ్వే అయ్యుంటుంది. ఇప్పుడు తగిలేది అది కాకపోవచ్చు.

జిమ్ బాబూ, నీ మాటా చేశాను. ఏడాదిన్నర బెంచ్ ప్రెస్ కొట్టాను. కండ పెరిగేది గ్రంథి కింద. కింద కండ లేస్తే పైన ఉన్నది ఇంకా ముందుకొచ్చి కూర్చుంది. చొక్కాలు బిగుతయ్యాయి, వాషర్ అలాగే ఉంది. క్రీములూ రాశాను. రాసిన చోట చర్మం మాత్రం నున్నగా అయింది.

2016లో కృష్ణా పుష్కరాలకి ఇంటిల్లిపాదీ దుర్గా ఘాట్‌కి వెళ్ళాం. ఊళ్ళో మగాళ్ళంతా చొక్కాలు విప్పి మునుగుతుంటే నేను చొక్కాతోనే మునిగాను. జలుబు చేస్తుందని సాకు చెప్పాను, ఆగస్టులో! మా ఆవిడ అక్కడేమీ అనలేదు. ఇంటికొచ్చి ఆ తడి చొక్కా దండెం మీద ఆరేస్తూ "ఇంకెన్నేళ్ళు" అంది. ఒక్క మాటే. మర్నాడు వెళ్ళి డాక్టర్ని కలిశాను.

ఆపరేషన్ తర్వాతి ఏడాది చేయించుకున్నాను. చీటీ పాడి డబ్బు తెచ్చాను. ఇన్సూరెన్సు వాళ్ళు ఇది అందం కోసం చేసేది, కుదరదన్నారు. పూర్తి మత్తు ఇచ్చారు. చంక దగ్గర చిన్న రంధ్రం పెట్టి చుట్టూ ఉన్న కొవ్వు గొట్టంతో లాగేశారు. తర్వాత నల్ల వలయం కింది అంచున అర్ధచంద్రంలా కోసి గ్రంథి తీశారు. కోత ఆ అంచులోనే కలిసిపోయింది, ఇప్పుడు వెతికితే తప్ప కనపడదు. తీసిన ముక్క నాకు చూపించారు. జీడిమామిడి పండు కింద గింజ ఉంటుంది చూడు, ఆ సైజులో తెల్లగా. దాన్ని బయాప్సీకి, అంటే క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూసే పరీక్షకి పంపారు. నీకెవరు చేసినా పంపమను, పంపం అంటే అక్కడ చేయించుకోకు.

ఇదేదో కొత్త వ్యాపారం అనుకునేవాణ్ణి. ఏడో శతాబ్దంలోనే పాల్ ఆఫ్ ఏజినా అనే గ్రీకు వైద్యుడు ఈ ఆపరేషన్ ఎలా చెయ్యాలో రాసి పెట్టాడని సర్జన్ చెప్పాడు. అంటే అప్పుడూ మనలాంటివాళ్ళు ఉన్నారన్నమాట. మత్తుమందు లేని రోజుల్లో కోయించుకున్నారంటే వాళ్ళ బాధ ఎంతదో చూసుకో.

ఇక ఆ ఫోన్లో చెప్పని సంగతి చెబుతా విను. సాయంత్రం ఇంటికి పంపే మాట నిజమే. ఆ తర్వాత ఆరు వారాలు బిగుతు జాకెట్టు వేసుకోవాలి, స్నానానికి తప్ప తియ్యకూడదు. నేను తెలివితక్కువగా మే నెలలో చేయించుకున్నాను. బెజవాడ ఎండలో, రేకుల షెడ్డులో, ఆ జాకెట్టుతో! బరువులు ఎత్తొద్దన్నారు. మూడో వారంలో కుర్రాడు రాలేదని లేత్‌కి బిగించే ఇనప చక్ ఒకటి ఎత్తాను. కుడి పక్క నీరు చేరింది, రెండుసార్లు సూదితో లాగారు. చనుమొనల చుట్టూ నాలుగైదు నెలలు స్పర్శ లేదు. ఎడమ పక్క ఇప్పటికీ చిన్న గుంట ఉంది. గ్రంథి మరీ గీకేస్తే సాసరులా గుంట పడుతుందట, అందుకే చనుమొన కింద కాస్త పొర వదిలేస్తారు. నాకు ఎడమ పక్క కొంచెం తక్కువ వదిలినట్టున్నారు. చేయించుకున్నందుకు బాధ లేదు. కానీ మాఘంలో పీట మీద కూర్చోవడానికి ఇప్పుడు హడావిడిగా కోయించుకోకు. వాపు పూర్తిగా దిగడానికే నెలలు పడుతుంది.

ఇంకోటి. నాది ఇరవై ఏళ్ళ పాత గడ్డ. ఏడాది దాటితే లోపల పీచులా గట్టిపడిపోతుంది, ఇక మాత్రలకి కరగదు అన్నారు. నీది నాలుగు నెలలదే, అందులోనూ నొప్పి ఉంది. అంటే ఇంకా పచ్చిగా ఉంది. ముందు డాక్టరు చేత చూపించుకో, కోత సంగతి తర్వాత.


రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆఖరి వాక్యంలో "ఒకటి తప్ప" అని దాటేశావే, ఆ ఒకటి ఏమిటి నాయనా? మాత్రల పట్టీ వెనక చూడు. ఫినాస్టెరైడ్ అని ఉందా?

నేను 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం సర్జరీ వార్డులోనే. మగవాళ్ళ రొమ్ము కేసు వస్తే మా పెద్ద డాక్టరు గారు రోగిని మంచం ఎక్కించక ముందే "సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పొయ్యి" అనేవారు. మగవాడి ఒంట్లో కూడా ఆడ హార్మోను కొంచెం ఉంటుంది. మగ హార్మోను, అంటే టెస్టోస్టిరాన్, దాన్ని అణిచి ఉంచుతుంది. ఆ తూకం చెడితే రొమ్ము గ్రంథి లేస్తుంది. తూకం చెడగొట్టేవాటిలో మందులు ముందుంటాయి. ఫినాస్టెరైడ్ ఏం చేస్తుందంటే, టెస్టోస్టిరాన్ ఇంకా బలమైన రూపంలోకి మారకుండా ఆపుతుంది. జుట్టు రాలడం అందుకే తగ్గుతుంది. మారకుండా మిగిలిపోయిన టెస్టోస్టిరాన్లో కొంత ఆడ హార్మోనుగా మారుతుంది. అందరికీ ఇలా జరగదు, వేసుకున్నవాళ్ళలో తక్కువమందికే. ప్రోస్టేటు ముసలివాళ్ళకి ఇదే మందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. వాళ్ళల్లో కొందరు లుంగీ సర్దుకుంటూ, గొంతు తగ్గించి, "సిస్టర్, ఇక్కడ కూడా నొప్పి" అని నాతో చెప్పేవాళ్ళు. డాక్టరుతో చెప్పడానికి నామోషీ.

గుండెకీ లివరుకీ ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చే స్పిరోనోలాక్టోన్ ఇంకా పేరుమోసింది. ఫంగస్‌కి లోపలికి ఇచ్చే కీటోకొనజోల్, కొన్ని మానసిక వైద్యం మాత్రలు, జిమ్ముల్లో పొడిపించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా అంతే. ఇది చదివి గుండె జబ్బువాళ్ళెవరూ సొంతంగా మందు ఆపేయకండి, ప్రాణం మీదకొస్తుంది. బాబూ, నీ జుట్టు మాత్ర అలాంటిది కాదు. డాక్టరుకి చూపించేదాకా మానేస్తే పోయేదేమీ లేదు, నాలుగు వెంట్రుకలు తప్ప. అన్నట్టు, అది నీకు రాసిందెవరు? ఇంకో సంగతి, పెళ్ళయ్యాక మళ్ళీ వాడేట్టయితే, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఆ మాత్ర విరిగిన ముక్కలు ముట్టుకోకూడదు. లోపల మగబిడ్డ ఉంటే ప్రమాదం.

క్యాన్సరు సంగతి. మగవాళ్ళకీ వస్తుంది, నిజమే. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళది. మామూలుగా పెద్ద వయసులో. ఎక్కువగా రాయిలా గట్టిగా, నొప్పి లేకుండా ఉంటుంది, చాలాసార్లు చనుమొన కింద నడిమధ్యన కాకుండా ఓ పక్కకి. చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం కారడం, పుండు పడటం, చంకలో బిళ్ళ, ఇవి చూడాలి. తెనాలి దగ్గర పల్లె నుంచి ఒకాయన బనియన్‌కి రక్తం అంటుతుంటే ఎనిమిది నెలలు ముదురు రంగు బనియన్లు కొనుక్కుని వేసుకున్నాడు, ఆసుపత్రికి మాత్రం రాలేదు. ఆయన భార్యకి కూడా తెలియదు. వచ్చేసరికి చంకలోకి పాకింది. నీ వయసూ, నొప్పీ, నడిమధ్యన బిళ్ళా చూస్తే నాకు భయంగా అనిపించడం లేదు. కానీ నా చెయ్యి నీ మీద లేదు కాబట్టి సర్జన్ చెయ్యి పడాలి.

ప్రైవేటుకే పోనక్కర్లేదు. పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి పొద్దున్నే వెళ్ళు. డాక్టరు నీ వృషణాలు కూడా చూస్తారు. ఉలిక్కిపడి ప్యాంటు పట్టుకోకు, వార్డులో కుర్రాళ్ళందరూ చేసే పనే అది. అక్కడ చిన్న గడ్డ ఉన్నా ఇక్కడ రొమ్ము లేస్తుంది, అందుకని. రక్తంలో టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు, థైరాయిడ్, హెచ్‌సీజీ, లివరు, కిడ్నీ చూస్తారు. హెచ్‌సీజీ అంటే ఆడవాళ్ళకి గర్భం తెలుసుకునే పరీక్షేగా అని ల్యాబు దగ్గర కంగారు పడేవాళ్ళని చూశాను. కొన్ని వృషణాల గడ్డలు కూడా దాన్ని వదులుతాయి. అవసరమైతే అల్ట్రాసౌండ్ రాస్తారు.

నొప్పితో ఉన్న కొత్త గడ్డకి కొందరు డాక్టర్లు టామోక్సిఫెన్ అని, రొమ్ము మీద ఆడ హార్మోను పని చెయ్యకుండా ఆపే మాత్ర కొన్నాళ్ళు ఇస్తారు. అది డాక్టరు రాస్తేనే. నువ్వు కొట్లో అడిగి కొనుక్కోకు, ఆ జుట్టు మాత్ర కూడా అలా కొనుక్కున్నదేనేమో, అందుకే ఇంత దూరం వచ్చింది.

జిమ్ బాబూ, బ్రాయిలర్ కోడి త్వరగా పెరగడానికి కారణం దాని జాతి, దాణా. లక్షల కోళ్ళకి రోజూ ఎవడు సూదులు పొడుస్తాడయ్యా, వాడికేమైనా పనిలేదా?


పదో తరగతి అమ్మ, విజయవాడ

మేడమ్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి 14. రెండు పక్కలా చిన్న బిళ్ళల్లా వచ్చాయి, ముట్టుకోనివ్వడు. పీటీ పీరియడ్ రోజు కడుపునొప్పి అంటున్నాడు. హాస్టల్లో వెయ్యాలనుకున్నాం, వెళ్ళనంటున్నాడు.


రిటైర్డ్ సిస్టర్, గుంటూరు

ఈ వయసులో ఇది మామూలే తల్లీ. ఎక్కువమందికి ఆర్నెల్ల నుంచి రెండేళ్ళలో పోతుంది. క్రీములు, పసరు కట్లు వద్దు. నొక్కి చూడకండి, చుట్టాలకి చూపించకండి. ఒక్కసారి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, పరీక్ష చేసేటప్పుడు మీరు బయట కూర్చోండి. బాగా పొడుగ్గా ఉండి వృషణాలు చిన్నగా ఉంటే, లేదా 17 దాటినా బిళ్ళలు పోకపోతే, అప్పుడు హార్మోను డాక్టరు చూడాలి. ఈ ఏడాది హాస్టలు మాట ఎత్తకండి. పదిమంది ఒకే చోట స్నానం చేసే బాత్రూములు అవి.


ఆటోనగర్ లేత్, విజయవాడ

అమ్మా, వాళ్ళ నాన్నని మాట్లాడమనండి. మా నాన్న ఒక్కసారి "నాకూ ఉండేదిరా" అని ఉంటే నేను కృష్ణలో ఈత నేర్చుకునేవాణ్ణి. ఆయనకి ఉండేదో లేదో నాకు తెలియదు. అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది.


మిర్చి గుమాస్తా, గుంటూరు

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. సిస్టర్ గారూ, ఫినాస్టెరైడే. రాసిన డాక్టరు ఎవరూ లేరు. క్షవరం చేసే అన్న "ఇది వేసుకుంటే పెళ్ళినాటికి నిలబడుతుంది" అంటే కొట్లో కొనుక్కున్నాను.

మీ పోస్టు చదివిన రాత్రే మానేశాను. మర్నాడు ఓపీలో మూడు గంటలు లైన్లో నిలబడ్డాను. లోపల రెండు నిమిషాలు. మీరు ముందే చెప్పారు కాబట్టి ప్యాంటు పట్టుకోలేదు, నా వెనకాల వచ్చినవాడు పట్టుకున్నాడు. రక్తపరీక్షలన్నీ మామూలుగా వచ్చాయి. స్కాన్‌లో ఎడమ చనుమొన వెనక గ్రంథి పెరిగినట్టుంది, అనుమానించేదేమీ లేదు అని రాశారు. మాత్ర ఆపావు కదా, ఇంకో రెండు నెలలు చూద్దాం, తగ్గకపోతే అప్పుడు మాత్రలా మరొకటా ఆలోచిద్దాం, పెళ్ళికి ముందు కత్తి వద్దు అన్నారు. తగ్గింపు ఇస్తామన్నవాళ్ళు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నారు.

నొప్పి చాలావరకు పోయింది. బిళ్ళ పూర్తిగా పోలేదు, పావలా అంతకి వచ్చింది అనుకుంటాను. రోజూ నొక్కి చూసుకోవద్దని డాక్టరు తిట్టారు. అన్నా, పుస్తకం సంచిలో పెడుతున్నాను. కాటా దగ్గర ఒకడు "ఏంటి గుమాస్తా, జేబు ఖాళీ" అన్నాడు, అంతే, దాని వెనకాల ఏముందో ఎవడూ చూడలేదు.

నలుగు సంగతి ఎలాగూ తప్పదని అమ్మకి చెప్పేశాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. నలుగు నాడు కండువా కప్పి కూర్చోబెడతాను, ఎవరేమన్నా నేను చూసుకుంటాను అంది. ఆ తర్వాత మొదలుపెట్టింది, "జుట్టుకి మాత్రలేంట్రా? మీ నాన్న తల చూసి కూడా నీకు బుద్ధి రాలేదా? మీ తాతకీ ఇంతేగా?" అని. నాన్న పక్కనే పేపరు చదువుతున్నాడు, పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.

జుట్టు మళ్ళీ దువ్వెనకి వస్తోంది. మాఘానికి ముందు వైపు ఇంకొంచెం పల్చబడేట్టుంది. బాసికం కడతారు కదా, నుదురు కాస్త కప్పుతుందిలే.